గింజ కాపలా

"మంచిగనే రాసినవ్ బిడ్డా. మరి ఎండబోసుడు ఎవలు చెయ్యాలె?"

2009లో ఒక సెమినార్ కోసం రాసుకున్న పేపరును బెల్లంపల్లిలో మా ఇంటి అరుగు మీద కూచుని మా అవ్వకు చదివి వినిపిస్తే ఆమె అన్న మాట ఇది. గింజల నిల్వలో స్త్రీల సంప్రదాయ జ్ఞానం గురించి ఆ పేపరు. అందులో ఉన్నదంతా ఆమె చెప్పిందే. వేపాకు, బూడిద, ఎర్రమట్టి, ఆముదం, పేడతో అలికిన గుమ్మి, ఒక్కొక్కటీ ఆమె చెప్తుంటే నేను నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను. పురుగుమందుల కంపెనీలు పుట్టక ముందే గింజను కాపాడుకోవడం తెలిసిన వాళ్ళు మన అమ్మలు, అమ్మమ్మలు అని గొప్పగా ముగించాను. అవ్వ చేటలో రాళ్ళు ఏరుతూ చివరి దాకా విన్నది. తలెత్తకుండానే ఆ ఒక్క మాట అడిగింది. సెమినార్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు, వ్యాసం పుస్తకంలో వేస్తామన్నారు, వేశారు కూడా.

ఆ ప్రశ్నను అప్పుడు నేను నవ్వి దాటేశాను. ఏడాది తర్వాత అది నన్ను పట్టుకుంది. ఆ సంగతి చెప్పే ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. నా పేపరులో పని లేదు, జ్ఞానమే ఉంది.

మా బాపు బొగ్గుబాయి కార్మికుడు. ఆయన జీతం ఇల్లు నడిపితే, నెన్నెల దిక్కు మా ఊళ్ళో ఉన్న రెండెకరాల చిల్లర భూమి మాకు తిండి పెట్టేది. చెరువు కింద వరి, చెలకలో కంది, పెసర, ఒక మూలకు జొన్న. భూమి బాపు పేరు మీద, సేద్యం అవ్వ మీద. పంట ఇంటికొచ్చాక బస్తాలు క్వార్టర్‌లో గోడ వెంట పేర్చేవాళ్ళు. రెండే గదులు. మేం ఆ బస్తాల పక్కనే పడుకుని పెరిగాం.

వానలు పడకముందు, రోహిణి కార్తెలో, మా అవ్వకు మూడు నాలుగు రోజుల పని ఉండేది. బస్తాలన్నీ విప్పి మిద్దె మీద గింజలు పలచగా పొయ్యాలి. గంటకోసారి కాలితో చాళ్ళు తీసినట్టు తిరగేయాలి. మా దిక్కు మే నెల ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిన వాళ్ళకు ఆ మిద్దె మీద వట్టి కాళ్ళతో నడవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొద్దు వాలక ముందే ఎత్తాలి, లేకపోతే గాలిలో తేమ మళ్ళీ పట్టుకుంటుంది. ఎత్తిన గింజను వేడి వేడిగా గుమ్మిలో పొయ్యకూడదు, లోపల చెమ్మ ఊరుతుంది. చల్లారే దాకా కాపలా ఉండాలి, కోళ్ళకూ పిల్లలకూ అందకుండా. ఎండిందో లేదో తెలియాలంటే గింజ పంటికింద పెట్టి కొరకాలి. టక్కుమని విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకో రోజు. వ్యవసాయ శాస్త్రవేత్తలు వడ్లలో తేమ 12 శాతానికి, పప్పుధాన్యాల్లో ఇంకా తక్కువకు రావాలంటారు. మా అవ్వ పన్ను ఆ లెక్కకు దగ్గర దగ్గరగా చెప్పేది.

తర్వాత ఒక్కో గింజకు ఒక్కో సేవ. కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి మళ్ళీ ఎండబెట్టడం. పప్పుకు ఆముదం రుద్దడం, కిలోకు ఒక చెంచా, ప్రతి గింజ మెరిసేదాకా అరచేతులతో. విత్తనపు పెసర్లను కుండలో పోసి బూడిద కలపడం. మేదరోళ్ళు అల్లిన గుమ్మికి లోపలా బయటా పేడా మట్టీ కలిపి అలకడం, పగుళ్ళు పూడ్చడం, మూత చుట్టూ మట్టితో మెత్తడం. వానకాలమంతా పదిహేను రోజులకోసారి చెయ్యి పెట్టి చూడటం. లోపల వేడిగా తగిలితే పురుగు పుట్టినట్టే. అప్పుడు మళ్ళీ అంతా తీసి జల్లెడ పట్టి, చెరిగి, ఎండ పొడ వచ్చిన రోజున పొయ్యడం.

ఇవి ఎందుకు పనిచేస్తాయో తర్వాత చదువుకున్నాను. ముక్కపురుగు ఆడది గింజకు చిల్లు పెట్టి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి నెల రోజుల్లో బయటకు వస్తుంది. అందుకే పైకి నున్నగా కనిపించే బియ్యం ఒక్కసారిగా పురుగుల కుప్ప అవుతుంది. కందులకూ పెసర్లకూ పట్టే పుచ్చుపురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెట్టి మన వెంటే ఇంటికి వస్తుంది. ఆముదం ఆ గుడ్డుకు ఊపిరాడకుండా చేస్తుంది. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేస్తుంది, ఒంట్లో నీరు ఆరిపోయి చస్తుంది. వడ్లను వడ్లుగానే ఉంచి కావలసినప్పుడు పట్టించుకోవడం, కందులను ఇసిరి పప్పు చేసి పెట్టుకోవడం కూడా పురుగును ఆపే ఉపాయాలే. వడ్లకు పొట్టు కాపలా. కందిపప్పుకు మాత్రం ఇసురురాయి ముందు కూచున్న ఆడమనిషి భుజం కాపలా.

బూడిద దగ్గర ఒక్క మాట. క్వార్టర్లలో అందరి పొయ్యిలూ బొగ్గు పొయ్యిలే, బూడిదకు కరువు లేదు. కానీ మా అవ్వ దాన్ని గింజల్లోకి ఎన్నడూ రానివ్వలేదు. "అది భూమి లోపటిది, తిండిల కలుపద్దు" అని ఊరికి పోయినప్పుడల్లా పిడకల బూడిద సంచిలో కట్టుకొచ్చేది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్ లాంటివి ఉంటాయని నేను చాలా ఏళ్ళకు చదివాను. బూడిద మంచిదని మాత్రమే రాసుకున్న నా పేపరులో ఏ బూడిదో లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. వేపాకు మీద మనకు భక్తి ఎక్కువ. పచ్చి ఆకు వేస్తే గింజకు తేమ తోడవుతుంది. నీడన ఎండబెట్టిన ఆకు కొంత సాయం చేస్తుందేమో గానీ ఒంటరిగా అది బస్తాను కాపాడదు. అవ్వకు ఈ భ్రమ లేదు. "ఆకు ఏస్తే పురుగు పోతదా? ఎండ తగిలితే పోతది. ఎండల నేను నిలవడితే పోతది." వేపాకు ఫోటోలో బాగుంటుంది. మిద్దె మీద కాలే పాదాలు ఏ సెమినార్ బ్రోషర్ మీదా కనిపించవు.

2010 వానకాలంలో జరిగింది ఇది. అప్పటికి అవ్వకు అరవై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. ఆ మే నెలలో ఎండబోసే పని సగమే అయింది. మరదలికి రెండో కాన్పు, తమ్ముడికి డ్యూటీ, నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని. నేను సెలవు పెట్టగలను. పెట్టలేదు. ఆగస్టులో ఇంటికి పోతే బియ్యంలో పురుగు, కందుల్లో పురుగు. బాపు కంచం ముందు కూచుని అన్నంలో నల్లగా కనిపించిన దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి, "ఇంట్ల ఆడోళ్ళు ఏం జేస్తున్నరు?" అన్నాడు. గట్టిగా అనలేదు. ఆయన ఏదీ గట్టిగా అనడు. అవ్వ ఆ రాత్రి నాతో అన్నది: "పురుగు వట్టిందంటే నన్నే అంటరు. నలభై ఏండ్లల్ల పురుగు వట్టనినాడు ఎవలన్న ఒక మాట అన్నరా?"

మరునాడు బజారుకు పోయి గ్యాస్ గోలీలు తెచ్చాను. అల్యూమినియం ఫాస్ఫైడ్. గోదాముల్లో బస్తాల మీద పట్టా కప్పి వాడేవి అవి. మూడు గ్రాముల గోలీ గాలిలో తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. నిబంధన ప్రకారం ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పురుగుల నిర్మూలన నిపుణులు తప్ప వాటిని ఎవరూ కొనకూడదు, ఎవరికీ అమ్మకూడదు. నాకు చీటీ కూడా అడగకుండా అమ్మారు. పేపరులో "విషరహిత" అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆ గోలీలు నా హ్యాండ్‌బ్యాగులో ఇంటికొచ్చాయి. అవ్వను ఆ మాట నుంచి కాపాడాలన్న ప్రేమ అది అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో ప్రేమతో పాటు మూడు రోజుల సెలవు మిగుల్చుకోవడం కూడా ఉంది.

ఎట్లా పెట్టాలో నేను చెప్పాను, ఆమె పెట్టింది. గుడ్డ పేలికల్లో చుట్టి బస్తాల్లో కుక్కింది. నేను సాయంత్రం రైలెక్కాను. ఆ రాత్రి వాన. కిటికీలు మూశారు. బస్తాలు ఉన్న గదిలోనే మరదలు, పసిపిల్ల, నాలుగేళ్ళ మేనల్లుడు పడుకున్నారు, వేరే చోటు లేదు కనక. నడిరాత్రి పిల్లవాడు వాంతులు చేసుకున్నాడు, మరదలికి తల పగిలిపోయే నొప్పి. కుళ్ళిన చేపల వాసన వస్తున్నదని అవ్వ పక్క గదిలోంచి లేచి, ఎందుకో ఏమిటో ఆలోచించకుండా తలుపులన్నీ బార్లా తెరిచి అందరినీ వానలోకి లాక్కొచ్చింది. ఫాస్ఫీన్‌కు విరుగుడు మందు లేదు. గాలి ఒక్కటే. ఆసుపత్రిలో రెండు రోజులుండి అందరూ ఇంటికొచ్చారు. ఆ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ వాక్యం రాయగలుగుతున్నందుకు నా చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది.

నేను ఏడుస్తూ క్షమించమంటే అవ్వ అన్నది: "నువ్వు తెచ్చినవ్, నేను వెట్టిన. నీదెంతనో నాదంత." అది ఓదార్పు కాదు, లెక్క. కానీ ఆ లెక్కలో బాపు లేడు, తమ్ముడు లేడు. ఆ ఇంట్లో గింజ తినే మగవాళ్ళు ఆ తప్పులో భాగస్తులు కారు, ఎందుకంటే వాళ్ళు ఆ పనిలోనే భాగస్తులు కారు. నా పేపరులో కూడా వాళ్ళు లేరు. గింజను కాపాడటం స్త్రీల జ్ఞానం అని రాసిన క్షణమే నేను మగవాళ్ళకు సెలవు రాసిచ్చాను.

ఆ తర్వాత మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. వందనా శివ 1988లో 'స్టేయింగ్ ఎలైవ్' రాసినప్పటి నుంచి స్త్రీకీ ప్రకృతికీ ఉన్న సంబంధం మన చర్చల్లో ఒక ఆకర్షణ. బీనా అగర్వాల్ 1992లో 'ఫెమినిస్ట్ స్టడీస్' పత్రికలో దానికి జవాబుగా రాసిన వ్యాసాన్ని నేను ఎంఫిల్‌లో చదివి పరీక్ష కూడా రాశాను. స్త్రీలకు ప్రకృతితో ఉన్న సంబంధం వాళ్ళ స్వభావంలోంచి కాదు, పనిలోంచి, ఆస్తిలోంచి, అవి ఎవరికి ఎట్లా పంచబడ్డాయన్న దాంట్లోంచి వస్తుందని ఆమె వాదన. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. మా అవ్వ దగ్గర కూచున్నప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆడవాళ్ళ మాట వాళ్ళ నోటనే వినాలని మన తరానికి నేర్పింది. నేను విన్నాను. చెప్పినంత రాసుకున్నాను. ఆమె అడిగింది మాత్రం రాసుకోలేదు.

అయితే రసాయనాలు లేకుండా గింజను దాచమనడం ఆడవాళ్ళ మీద చాకిరీ మోపడమేనా? అట్లా అయితే గోలీలే నయమా? ఈ ప్రశ్న విద్యార్థులు అడుగుతారు, అడగాలి. మా చిన్నప్పుడు బస్తాల చుట్టూ గమాక్సిన్ పొడి చల్లేవాళ్ళు. అది బీహెచ్‌సీ. 1997లో దేశంలో నిషేధించారు. చల్లింది ఆడవాళ్ళే, ఊడ్చిందీ ఆడవాళ్ళే, ఆ నేల మీద పాకింది వాళ్ళ పిల్లలే. విషం పని తగ్గించింది నిజమే, కానీ మిగిలిన పనిని కూడా వాళ్ళ చేతుల్లోనే పెట్టింది. ఇక రేషన్ బియ్యం తినే ఆమెను ఈ చర్చకు ఎవరూ పిలవరు. ఎఫ్‌సీఐ గోదాముల్లో బస్తాలకు పట్టే పొగ ఆ ఫాస్ఫీనే. శిక్షణ ఉన్నవాళ్ళు పద్ధతిగా పట్టి, గాలి ఆడనిస్తే గింజలో మిగిలేది చాలా తక్కువ. అది అబద్ధం కాదు. గోదాముకు తలుపుంది, తాళముంది, కాపలా మనిషి ఉన్నాడు. మా క్వార్టర్‌లో గోదామూ పడకగదీ ఒకటే. ఒకే మందు ఒక చోట నిర్వహణ అయితే ఇంకో చోట హత్యాయత్నం అవుతుంది. మధ్యలో ఉన్న తేడా ఒక గది.

నా ఆలోచన మారింది జహీరాబాద్ దిక్కు పోయినప్పుడు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే సంఘాల్లో ఎక్కువగా దళిత స్త్రీలు. ఎకరా, రెండెకరాల వర్షాధార భూములు. 1990ల మధ్య నుంచి వాళ్ళు పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చి, అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఆ జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి, కరువు నెలల్లో అందరికన్నా పేదవాళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదవాళ్ళో కూడా వాళ్ళే తేల్చారు. విత్తనాలు బుట్టల్లో, కుండల్లో, బూడిదతో, వేపాకుతో, మట్టితో. అదే పని. అదే ఎండ. అక్కడ ఒకామెను మా అవ్వ ప్రశ్నే అడిగాను, ఎండబోసేది ఎవరని. "మేమే" అన్నది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసి. విత్తనం కావాలంటే ఊరు తన గడపకు వస్తుందని, పటేళ్ళ ఇంటి నుంచి కూడా వచ్చారని చెప్పింది. పని తగ్గలేదు. గింజ ఎవరిదో మారింది. పురుగు పడితే వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటారు, అది వేరే సంగతి. కంచం ముందు కూచుని వేలితో చూపించేవాడు లేడు.

ఇది చూసి వచ్చి ఇదే దారి అని రాసెయ్యడం సులువు. కానీ మా అవ్వకు సంఘం లేదు. బస్తీలో ఇరుగుపొరుగు సగం మంది గింజ దాచుకోవడమే మానేశారు. మా దిక్కు చెలకల్లో జొన్నా పెసరా పోయి పత్తి వచ్చింది. పత్తికి ముక్కపురుగు భయం లేదు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం చూసి డబ్బులిచ్చారు. చెక్కు బాపు పేరున వచ్చింది. నలభై ఏళ్ళు గింజ కొరికి చూసిన పంటికి పాసుపుస్తకం లేదు.

మార్పు అనుకోని వైపు నుంచి వచ్చింది. గాలి చొరబడని సంచులు. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన ఒక నేత సంచి. 1980ల చివర కామెరూన్‌లో బొబ్బర్లను పురుగు నుంచి కాపాడటానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి. గింజ బాగా ఎండాలి, సంచి నిండా పొయ్యాలి, గాలి పోయేదాకా పిండి ఒక్కో పొరనూ మెలి తిప్పి గట్టిగా కట్టాలి. లోపలున్న పురుగులు ఉన్న ఆక్సిజన్‌ను తామే పీల్చుకుని తినడం మానేస్తాయి, తర్వాత చస్తాయి. మందు లేదు, వానకాలం పదిహేను రోజులకోసారి జల్లెడ లేదు. నిజానికి మూత చుట్టూ మట్టి మెత్తిన మా అవ్వ చేసేదీ అదే, గుమ్మికి అంత గట్టి మూత కుదరలేదు అంతే. అయినా ఆ సంచిని మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చలేదు. ప్లాస్టిక్. వేపాకు వాసన లేదు, అమ్మమ్మ లేదు, వ్యాసానికి పనికొచ్చేది ఏమీ లేదు. నా అయిష్టాన్ని చూసి నాకే సిగ్గేసింది.

అవ్వకు వెంటనే నచ్చింది. విత్తనాల్ని మాత్రం దాంట్లో పొయ్యనివ్వలేదు, కుండ కుండే, బూడిద బూడిదే. ఇంకో వింత జరిగింది. సంచి నింపి మెలి తిప్పి కట్టడానికి బలం కావాలి కనక తమ్ముడు చేతులు కలిపాడు. రెండేళ్ళలో అది వాడి పని అయింది. బస్తీలో పక్కింటి వాళ్ళకు వాడే వివరిస్తాడు, ఆక్సిజన్ ఎట్లా అయిపోతుందో, ముడి ఎట్లా వెయ్యాలో. 'టెక్నిక్' అంటాడు. మా అవ్వ చేసినన్నాళ్ళు అది ఇంటిపని. వాడి చేతికి రాగానే దానికొక పేరొచ్చింది. నాకు కోపం రావాలి, వచ్చింది. కానీ కోపం తెచ్చుకుంటే ఆమె మోకాళ్ళు బాగవుతాయా? నా కోపం నేను దాచుకున్నాను, ఆమె విశ్రాంతి ఆమె తీసుకున్నది. ఆ విశ్రాంతిని ఒక వాదం కోసం ఆమె దగ్గర్నించి లాక్కునే హక్కు నాకు లేదు.

సంచి వచ్చినా ఎండబోసే పని పోలేదు. తడి గింజను సంచిలో కడితే పురుగు బదులు బూజు పడుతుంది. అందుకని మొన్న మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి పోయాను. కాలికి చెప్పులుంటే గింజ చితుకుతుందని అవ్వ ఒప్పుకోలేదు, సాక్సులు వేసుకున్నాను. మేనల్లుడు బస్తాలు మిద్దె మీదికి మోశాడు, పోసి సెల్‌ఫోన్ చూసుకుంటూ నీడకు పోబోయాడు. "ఏం రా, గింజ నీకు వద్దా?" అని అవ్వ కింది నుంచి కేకేస్తే మళ్ళీ వచ్చాడు. పదకొండుకు నాకు కళ్ళు తిరిగాయి. ఆమె మెట్ల మీద, నీడ పడ్డ చోట కుర్చీ వేయించుకుని కూచుంది. నేను పోసిన కందులను అంత దూరం నుంచే చూసి, దప్పడంగ పోసినవ్, ఇంక పలచగ చెయ్యమన్నది. చేశాను. ఒక గింజ తెచ్చిమ్మన్నది. కింది పళ్ళు రెండే మిగిలాయి ఆమెకు. నోట్లో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి, ఉమ్మేసి, మేనల్లుడి చేతిలో ఇంకో గింజ పెట్టింది.

"కొరుకు" అన్నది.

వాడు కొరికి నా దిక్కు చూశాడు. నాకు తెలియలేదు. ఆమె వాడి ముఖమే చూస్తూ, "సప్పుడైందా?" అని అడిగింది. కాలేదన్నాడు.

"అయితే రేపు గూడ పొయ్యాలె."